దాహంతో కాలిన వత్తులు

"వాపసు వచ్చిందే!" అని మా ఆయన యూనుస్ వీధిలోంచి అరిస్తే, లోపల మంచం మీదున్న మా అత్త హమీదాబీకి "వాపు వచ్చిందే" అని వినబడింది. అత్తకు చెవుడు. కొడుక్కి ఎక్కడ వాచిందోనని పసుపూ సున్నమూ కలుపుకుని పరుగున వచ్చి, "యాడరా వాపు? కాలా, సెయ్యా?" అంది. ఆయన బస్సు మీంచి దించుకొచ్చిన గోనెమూట చూపించి, "స్టవ్వమ్మా, స్టవ్వు! కౌతాళం నుంచి వాపసొచ్చింది" అన్నాడు. "స్టవ్వుకు వాపేందిరా?" అని ఆమె చేతిలో పసుపుతో అలాగే నిలబడిపోయింది. నాకు నవ్వాగలేదు. ఆయన నావైపు తిరిగాడు. "నవ్వు, బాగా నవ్వు. నీ వత్తులు జూసే వాపసు పంపినారు." మా ఇంట్లో వాపుకైనా వాపసుకైనా మందు ఒకటే, నన్ను తిట్టడం.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఆదోనిలో మాది ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యన ఒక పరదా. పరదాకు అటువైపు ఆయన రేకు కోసి, అతికి, కిరసనాయిలు స్టవ్వులు చేసేవాడు. ఊళ్లనుంచి కార్డు ముక్క వస్తే మూటకట్టి బస్సు మీద వేసి పంపేవాడు. పరదాకు ఇటువైపు స్టవ్వుకు పది చొప్పున వత్తులు పేని ఎక్కించేది నేను. దారిలో సొట్ట పడకుండా మిల్లుల దగ్గర పారేసే చెత్తదూది ఏరుకొచ్చి, చుట్టూ కూరి మూట కుట్టేదీ నేనే. ఆయన అమ్మేవాడు, నేను ఇద్దరు పిల్లల అమ్మని. నా పని ఉచితం. ఉచితమంటే తగినది అని కూడా అర్థం ఉందని పిల్లల పుస్తకంలో చూశాను, ఆ అర్థం మా పరదా దాకా రాలేదు. స్టవ్వు అమ్ముడుపోతే "యూనుస్ చేతి పని" అనేవాళ్లు. తిరిగొస్తే "ఆయమ్మ చెయ్యి మంచిది కాదు" అనేవాళ్లు. ఒక్క స్టవ్వుకు ఇన్ని చేతులు!

ఆ మూటతో కలిపి రెండు నెలల్లో తిరిగొచ్చినవి పదకొండు. పోను కిరాయి మాదే, రాను కిరాయీ మాదే. మా స్టవ్వులు మాకంటే ఎక్కువ ఊళ్లు చూశాయి. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని అన్నాడు: "ఉరుకుంద జాతర దాకా జూస్తా. అప్పటికీ వాపసులు ఆగకపోతే బళ్లారి నుంచి మిషను వత్తులు తెప్పిస్తా. నువ్వు మళ్లా వాటి మీద చెయ్యి పెట్టొద్దు." అత్త అదొక్కటీ ఒక్కసారికే విని, "దూది యేకేటోళ్ల పిల్ల అని జెప్పి చేసుకొంటిమి. దూదే చేతగాకపాయె" అంది.

ఆ మాట నాకు అన్నంలో రాయిలా తగిలింది. యెమ్మిగనూరులో మా నాయన విల్లు మోగించి దూది ఏకేవాడు. నాకు ఆస్తి ఇవ్వలేదు, చెయ్యి ఇచ్చాడు. వంట బాగాలేదన్నా, నడక బాగాలేదన్నా పడ్డాను. కానీ నా వత్తి బాగాలేదంటే ఇంక నాలో మిగిలేదేమిటి? పైగా, నిజమేనేమో అని నాకే అనుమానం మొదలైంది. అదీ అసలు బాధ. పదేళ్లు ఒకే మాట వింటూ ఉంటే మనిషి తన చేతుల్ని తానే పక్కింటివాళ్ల చేతుల్లా చూసుకుంటుంది. పేనేటప్పుడు వదులైందా, బిగిసిందా అని ఒక్కో వత్తినీ మూడేసిసార్లు విప్పి పేనుతూ ఉండేదాన్ని.

తిరిగొచ్చిన స్టవ్వుల మసి తోమేదీ నేనే కనుక, తోముతూ తోముతూ ఒక రోజు కౌతాళం స్టవ్వు వత్తుల్ని బయటికి లాగి వెలుగులో పెట్టి చూశాను. నూనె తాగి కాలిన వత్తి అంచు మెత్తగా ఉంటుంది. ఇవి గట్టిగా బొగ్గు కట్టి ఉన్నాయి. దాహంతో కాలిన వత్తులు. మా నాయన మాట గుర్తొచ్చింది: "కొత్త దూది పసిబిడ్డమ్మా. ముందు తాగనియ్యాల, ఆమీద పని జెప్పాల." కిరసనాయిలు పోసిన వెంటనే ఎవరో అగ్గిపుల్ల గీశారు.

ఆయనకు చూపించాను. "నానబెట్టి ముట్టించమని అందరికీ జెప్పే అమ్ముతాండా" అన్నాడు. అదీ నిజమే. పరదా వెనకనుంచి నేను రోజూ వింటున్నదే. మరి చెప్పిన మాట ఏమైంది?

కౌతాళం దర్గాలో అత్తకు మొక్కు ఉంటే తోడు వెళ్లాను. మొక్కు తీర్చుకుని అత్త నీడన కూర్చున్నాక, స్టవ్వు తిప్పి పంపిన దేవేంద్రప్ప ఇల్లు అడుక్కుంటూ పోయాను. అతను లేడు. భార్య హులిగెమ్మ రాళ్లపొయ్యి ఊదుతోంది. నన్ను చూసి లేచింది. ఎడమ బుగ్గ కమిలి, ఇంకా ఉబ్బి ఉంది.

"స్టవ్వు వత్తులు ఎక్కించేది నేనే. యాల తిప్పి పంపితిరమ్మా?" అన్నాను.

ఆమె వీధివైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయప్ప సుట్టాల్ని ఎంటబెట్టుకొని వచ్చినాడక్కా. కొత్త స్టవ్వు తెచ్చినా, టీ పెట్టు అన్న్యాడు. పోసినా, ముట్టించినా. ఇల్లంతా పొగ. సుట్టాల ముందర పరువు తీస్తివి, చేతగాని ముండ అని..." చెయ్యి బుగ్గ మీదికి పోయింది.

"నానబెట్టమని సెప్పలేదా?"

"దేన్ని?" అంది హులిగెమ్మ.

మూట తిరిగొచ్చిన రోజు అత్తకు తప్పు వినబడలేదు. వాపు నిజంగానే వచ్చింది, కాకపోతే కౌతాళంలో వచ్చింది. తిరుగు బస్సులో కూర్చుని నేను అదే ఆలోచించాను. స్టవ్వును ఊరు దాటించడానికి కిరాయి కట్టాం. వెనక్కి తేవడానికి కట్టాం. కిరాయి లేకుండా పోవలసింది ఒక్క మాట, అంగడి నుంచి పొయ్యి దాకా. దాన్ని మాత్రం ఒక్క మగవాడూ మోయలేదు. అక్కడ ఆమె చేతగానిదైంది, ఇక్కడ నేను చేతగానిదాన్నయ్యాను. ఒకరినొకరం చూడకుండానే ఇద్దరం ఒకే తిట్టును పంచుకున్నాం.

తరువాతి సంతరోజు దేవేంద్రప్ప కొత్త స్టవ్వు ఇమ్మని గొడవకు వచ్చాడు. అంగడి నిండా జనం. అత్త కూడా గడప మీద కూర్చుని ఉంది. మా ఆయన బతిమాలి వేరే స్టవ్వు చేతిలో పెట్టి, ఎప్పటిలాగే చెప్పాడు: "కిరసనాయిలు పోసి బాగా నానినాంక ముట్టియ్యమని జెప్పప్పా." "ఆఁ, ఆఁ" అన్నాడు దేవేంద్రప్ప, స్టవ్వు ఎత్తుకుంటూ.

నేను పరదా తీశాను. పదేళ్లలో ఆ గుడ్డ ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు.

"అన్నా, ఇప్పుడు మా ఆయన ఏం జెప్పినాడు?"

దేవేంద్రప్ప తికమకపడ్డాడు. "ఏముందమ్మా... జోపానంగా పెట్టుకోమన్న్యాడు."

జనం గొల్లుమన్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "ఏమంటాండారే?" అని అత్త చెవికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆమె పక్కన కూర్చుని, సంత మొత్తం వినేటట్టు అరిచి చెప్పాను. వత్తి తాగాలని. తాగకముందే ముట్టిస్తే మాడుతుందని. స్టవ్వు మంచిదే, వత్తి మంచిదే, మాట ఒక్కటే ఇల్లు చేరలేదని. ఆ మాట చేరనందుకు ఒకామె బుగ్గ వాచిందని. అత్త మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ చెప్పాను. నాలుగోసారి ఆమే దేవేంద్రప్పకు పాఠంలా అప్పజెప్పింది: "కిరసనాయిలు పోసి, ఇసుర్రాయిలో సేరు జొన్నలు ఇసిరేంత సేపు ఆగల్ల. వత్తి తాగినాంక ముట్టించల్ల. ఇంతే గదరా! దీనికి పెండ్లాన్ని కొడతావా?"

అతను తల దించుకున్నాడు. అత్త అతన్ని వదిలి నా చేతులవైపు చూసింది.

నేను అతని చేతిలోంచి స్టవ్వు తీసుకున్నాను. "ఇది నీతో రాదన్నా. ఆదివారం బస్సుకు నేనే తెస్తా. మీ ఊరినుంచి కార్డులు రాసిన నాలుగిండ్ల స్టవ్వులు కూడా ఒక్క మూటలోనే తెస్తా. మీ వీధి ఆడోళ్లనందర్నీ కూర్చోబెట్టమని హులిగెమ్మకు జెప్పు. ఈ మాటన్నా మోసకపో."

జనం కదిలాక మా ఆయన చిన్నగొంతుతో అడిగాడు. "ఆదివారం నువ్వు పోతే, ఈడ అన్నం ఎట్ల?"

నేను చేతిలోని స్టవ్వు ఆయన ముందు పెట్టాను.

"కిరసనాయిలు పోసుకో. సేరు జొన్నలు ఇసిరేంత సేపు ఆగు. వత్తి తాగినాంక ముట్టించు. అందరి ముందర నాలుగుసార్లు సెప్పినాం, విన్నావు గదా!"