చలికాలపు పిట్టలు

మంచం పట్టిన మా చెల్లెలు కిటికీలోంచి కనిపించే పిట్టలన్నిటి పేర్లూ అడుగుతోంది. పడుకుని పట్టుకోగలిగే పుస్తకం కోసం దుకాణంలో ఒక్కొక్కటీ ఒంటిచేత్తో ఎత్తి చూశాను.

"కూరగాయల్లా తూస్తున్నారేంటమ్మా?" దుకాణదారు నవ్వాడు. "ఇది తేలిక, రెండు భాగాలు. ఏడాదంతా ఉండే పిట్టలు ఇందులో, చలికాలంలో వలసొచ్చేవి అందులో. విడిగా కూడా ఇస్తాను."

చెల్లి వానాకాలం దాటదని డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. ఒకటే తీసుకెళ్తే దానికి తెలిసిపోతుందన్న భయంతో రెండూ కొన్నాను.

చెల్లి రెండూ తిరగేసి, చలికాలపు పుస్తకాన్ని నా ఒళ్లో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో అక్కా. అవి వచ్చినప్పుడు నువ్వే చూడు. తెలియని పిట్టనల్లా కాకి అనేస్తావు, పుస్తకం చూసి మరీ చెప్పు."

నేను మొదటి పుస్తకాన్ని తెరిచి, చెల్లి కళ్లకందేలా పట్టుకుని కూర్చున్నాను.