గొంతు వేరే మనిషిది

మొగులయ్య రెండో బూటు ఎక్కక గోడకు ఆనుకున్నాడు. పాదం వాచింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీది హోటల్ వెనక, గ్యాస్ సిలిండర్ల పక్కనే రోజూ ఆయన వేషం కట్టేది: తోలుకోటు, వెడల్పు అంచు టోపీ, నడుముకు బొమ్మ తుపాకి. గేటు దగ్గర నిలబడి కార్ల తలుపులు తీయాలి, పిల్లలతో ఫోటోలు దిగాలి.

డెబ్బై అయిదేళ్లుంటాయి. తొండుపల్లిలో తండ్రికి జట్కా ఉండేది. జీను లేకుండా గుర్రమెక్కుతున్నాడని సినిమావాళ్లు తీసుకుపోయారు. మూడు కౌబాయ్ సినిమాల్లో హీరో. తెరమీద ఆయన గొంతు మాత్రం ఏనాడూ వినపడలేదు. ఆ యాస పనికిరాదని మద్రాసులో ఇంకెవరి చేతనో చెప్పించారు. అలాంటి సినిమాల మోజు తీరాక ఊరికొచ్చి సేద్యం చేశాడు. పొలం విమానాశ్రయం కిందికి పోయాక ఈ గేటు దగ్గర తేలాడు.

ఎండ ఎక్కుతుండగా తెనాలి పెద్దమనిషి ఒకాయన కారు దిగి, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"మీరు ఆ గుర్రం హీరో కదండీ? చిన్నప్పుడు మీ సినిమా ఎన్నిసార్లు చూశానో! ఒక్క డైలాగ్ చెప్పండి, మా ఆవిడ వింటుంది."

మాటలన్నీ గుర్తున్నాయి. మొగులయ్య గొంతు సవరించుకుని చెప్పాడు. సన్నగా, జీరగా వచ్చింది.

పెద్దమనిషి ముఖం వాడిపోయింది. "ఆ గొంతు నాకు బాగా తెలుసండీ. ఆయన మీరు కాదు. ఏమీ అనుకోకండి."

"నేనే సార్..." అంటుండగానే మొగులయ్యకు అనుమానం పట్టుకుంది. గుర్రం మీంచి పడ్డ నడుం నొప్పి తనదే. మరి ఆ చప్పట్లు ఎవరివి?

తల తిరుగుతోందని చెప్పి ఇంటికి వచ్చేశాడు. భార్య రేణుకమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన పెరట్లోకి పోయి స్నానం చేసి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"సిన్మల మాట్లాడింది నేనా, ఇంకెవలన్ననా?"

"ఏందయ్యా, గిట్ల అడుగుతున్నవ్? నీ గొంతు కాదని లగ్గమప్పుడే చెప్తివి గదా."

"మరి నువ్వు ఎవల్ని జూసి ఒప్పుకున్నవ్?"

"నేను సిన్మ జూడలే. మీ బాపు జట్క తోలుకుంట మా ఊరికొచ్చినవ్. గుర్రాన్ని తిట్టుకుంట వస్తున్నవ్. గది ఇన్న."

"ఏమని తిట్టిన?"

"యాదికి లేదు. జర ఒరుగు, అన్నమైనంక లేపుత."

ఏమని తిట్టి ఉంటానా అనుకుంటూనే ఆయన చాపమీద ఒరిగాడు. అన్నం వార్చి రేణుకమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం పట్టి కదిపి, అక్కడే కూలబడిపోయింది.

పెరట్లో దండెం మీద, ఆయన ఉతికి ఆరేసుకున్న బనియన్ అంచు నుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే నీళ్లు కారుతున్నాయి.