రెండో గడిలో తేదీ

"ఇక్కడ సైన్ చేసెయ్ విద్యా, ఒక్క నిమిషం," అంటూ కౌశిక్ ల్యాప్‌టాప్‌ని స్టవ్ పక్కకే తెచ్చాడు. సంతకం పెట్టేసేదాన్నే. దోసె కాలేలోపు కళ్ళు స్క్రీన్ మీద పడ్డాయి.

కాలిఫోర్నియా టాక్స్ ఫారం. రాష్ట్రం విడిచి వెళ్ళిన తేదీకి రెండు గడులున్నాయి, అతనికొకటి, నాకొకటి. రెండింట్లోనూ జూన్ రెండు.

జూన్ రెండున కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి వేరే రాష్ట్రంలో ఉన్న ఈ అల్ఫారెట్టాకి, కొత్త ఉద్యోగానికి వచ్చింది కౌశిక్. లీజు తీరేదాకా, జూలై ముప్ఫై ఒకటి వరకు, అక్కడున్నది నేనూ మా పాప నైనికా. సోఫా అమ్మాను. గోడల్లో మేకుల కన్నాలు పూడ్చాను. ఖాళీ గదుల్లో గొంతు ప్రతిధ్వనిస్తోందని బట్టల క్లోజెట్‌లో కూర్చుని కాల్స్ తీసుకున్నాను. ఆసుపత్రుల్లో ఇంగ్లిష్ రాని మన పెద్దవాళ్ళకి డాక్టరు మాటలు ఫోన్లో తెలుగులో చెప్పడం నా సొంత వృత్తి. ఆ క్లోజెట్‌లోంచే ఒకావిడకి గడ్డ క్యాన్సర్ కాదని చెప్పాను. "ఫోన్లో మాట్లాడినా డబ్బులిస్తారా?" అని అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. "విద్యకి టైమ్‌పాస్" అంటాడు కౌశిక్, ముద్దుగానే. ముద్దుగా అంటాడు కాబట్టే ఎదురు చెప్పలేకపోయాను. ఏడాదికోసారి వచ్చే అత్తయ్య కోసం గెస్ట్ రూమ్ ఖాళీగా ఉంచి, ఈ ఇంట్లోనూ క్లోజెట్‌లోనే కూర్చుంటున్నాను.

ఇప్పుడు సంతకం పెడితే ఆ రెండు నెలలూ నేనక్కడ లేనట్టే.

"నా తేదీ తప్పు," అన్నాను.

"ఫ్యామిలీకంతా ఒకటే డేట్ కదా?"

తేల్చుకోవడానికి ఆండాళ్ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. షామ్‌బర్గ్‌లో ఉండే ఆ రిటైర్డ్ అకౌంటెంటే మా టాక్స్‌లు చూస్తారు. అతను చెప్పిందంతా విని, ఆవిడ నన్నడిగారు.

"అమ్మాయ్, నువ్వెప్పుడు కదిలావు?"

పదకొండేళ్ళలో మూడు ఊళ్ళు మారాం. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

చెప్పాను. రుజువుందా అన్నారు. తాళాలప్పగించిన రసీదు, రెండు వందల పన్నెండు కాల్స్ లిస్టు తెరిచాను. ఆ సంపాదన మీద కాలిఫోర్నియాకి ఇంకొంత కట్టాల్సొస్తుందన్నారు. కడతానన్నాను.

కౌశిక్ లిస్టు చూస్తూ ఒకచోట ఆగిపోయాడు. జూన్ పంతొమ్మిది, పద్నాలుగు కాల్స్.

"ఆ రోజు నైనికకి ఫీవర్ కదా. నాతో అంతా ఓకే అన్నావు."

"మూవర్స్‌ని బుక్ చేశావా అనే కదా నువ్వడిగింది."

అతను, నేను మర్చిపోయిన స్టవ్ కట్టేసి, మాడిన దోసె తన ప్లేట్లో వేసుకున్నాడు. రెండో గడిలో తేదీ చెరిపి ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు.

జూలై ముప్ఫై ఒకటి అని టైప్ చేసి సంతకం పెట్టాను. నేరుగా గెస్ట్ రూమ్‌లోకి నడిచాను.

"కౌశిక్, ఇలా రా. మంచానికి ఆ కొస పట్టుకో. సోమవారం నుంచి నా కాల్స్ ఇక్కడే."