పిన్ ఎవరు కొట్టినారు

మధ్యాహ్నం మూడు గంటలకు అరుణజ్యోతి వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు పోగు చుడుతోంది. పొద్దున్నుంచి అది నలభయ్యో కండె. ఆ కండెలు లేకపోతే లోపల మగ్గం గుంతలో భర్త విజయభాస్కర్ చేతిలో అడ్డపోగు వేసే నాడె ఆడదు, చీర ఒక్క అంగుళం ముందుకు పోదు. అయినా ధర్మవరంలో నేసేవాడిదే పని. "మా కోడలా? ఇంట్లో ఊరికే కూసోనుంటాది, కండెలు చుడతాంటాది" అని అత్త హనుమంతమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఇరవై ఏళ్లు ఊరికే కూర్చున్నందుకు అరుణజ్యోతి కుడి భుజం రాత్రిళ్లు పట్టేస్తుంది. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోవడం లేదు. అలవాటు పడిందో, లోపల ఏదైనా మొద్దుబారిందో ఆమెకే తెలియదు. తెలుసుకుందామన్న కోరిక కూడా లేదు.

రెండేళ్ల కిందట గ్యాస్ డబ్బులు వస్తాయని ఎవడో ఫోన్ చేస్తే నమ్మి, వాడు చెప్పినట్టు నొక్కింది. రెండు వేల మూడు వందలు పోయాయి. ఆ సాయంత్రమే విజయభాస్కర్ ఆమె ఫోన్ తీసి బీరువాలో పెట్టి, ఆ తర్వాత మేనల్లుడికి ఇచ్చేశాడు. "నీకెందుకే ఈ ఫోన్లు? సంగటి గెలుకు చాలు" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఏది పోయినా, పాలు పొంగినా, కరెంటు బిల్లు మరిచినా, "దానికి నొక్కడమే వచ్చు" అనడం అందరికీ ఒక ఆట అయింది. ఆమె ఏడవలేదు. ఆడవాళ్ల పొదుపు సంఘం సమావేశంలో పోలీసు శాఖ నుంచి ఒకామె వచ్చి మోసాల గురించి చెబుతుంటే మాత్రం ముందు వరుసలో కూర్చుని ప్రతి మాటా విన్నది. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతోందనే అర్థం. ఒకవేళ మోసపోతే గంటలోపల 1930కి ఫోన్ చేయాలి. ఇంటికొచ్చి చెప్పబోతే విజయభాస్కర్ టీవీ సౌండు పెంచాడు.

పోయిన వారం సంఘం లోను లక్ష రూపాయలు ఆమె ఖాతాలో పడింది. పట్టు, జరీ కొనడానికని భర్తకు అన్న, మార్కండేయ బావ చెబితే తెచ్చిన లోను అది. ఖాతా ఆమెది, కంతులు కట్టకపోతే సంఘంలో తల దించుకోవాల్సింది ఆమె. కానీ ఆ ఖాతాకు పెట్టిన ఫోన్ నంబరు భర్తది, ఫోన్ భర్తది, పిన్ భర్త పుట్టిన సంవత్సరం.

లోపల విజయభాస్కర్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గొంతులో ఎన్నడూ లేని మర్యాద. బెంగళూరులో పెద్ద షాపట, ఇరవై చీరలు కావాలట, అడ్వాన్సు ఇప్పుడే వేస్తారట, ముందు సరిచూసుకోడానికి ఐదు రూపాయలు పంపారట. "ఐదు రూపాయలు వచ్చినాయి సార్, కరెక్టే... ఆఁ, స్కాన్ చేసినా సార్... నలభై వేలు చూపిస్తాండాది... పిన్ కొట్టాల్నా సార్?"

రాట్నం ఆగింది. అరుణజ్యోతి లేచి గుమ్మంలోకి వచ్చింది.

"కొట్టొద్దప్పా. దుడ్లు మనకొచ్చేదానికి పిన్ ఎందుకు?"

విజయభాస్కర్ ఫోన్‌ను అరచేత్తో మూశాడు. "నువ్వు చెప్తావా నాకు? రెండు వేలు పోగొట్టినదానివి! పో, కండెలు చుట్టుకో పో."

ఆమె వెళ్లలేదు. అక్కడే నిలబడింది. అతని వేలు నాలుగుసార్లు కదలడం చూసింది. నలభై వేలు పోయాయి. తప్పు జరిగింది, ఇంకోసారి స్కాన్ చేస్తే రెండూ కలిపి వెనక్కి వస్తాయని అవతలివాడు చెప్పాడు. వేలు మళ్లీ నాలుగుసార్లు కదిలింది. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

విజయభాస్కర్ మొహం పాలిపోయింది. గుంతలోనే కూలబడి, ఆ నంబరుకే మళ్లీ మళ్లీ చేస్తూ పావుగంట గడిపాడు.

"1930కి చెయ్యి. ఇప్పుడే చేస్తే ఆపుతారంట" అన్నది ఆమె.

"నోర్ముయ్. నా పేరు పోలీసులకిస్తావా? అన్నకు తెలిస్తే నన్ను మనిషని చూస్తాడా?" తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "నువ్వు నొక్కినావని చెప్దాం. నీకైతే కొత్తేం కాదు కదా."

ఆ మాటకు ఏదో జరగాలి లోపల. అరుణజ్యోతి ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. ఎండిన బావిలో రాయి వేసినట్టు, చప్పుడు కూడా తిరిగి రాలేదు.

పట్టు కొనడానికి డబ్బు అడగాలని మార్కండేయ అప్పుడే వచ్చాడు. అరుగుమీద కూర్చుని అంతా విన్న హనుమంతమ్మే ఎదురు వెళ్లింది. కొడుకు చెప్పక ముందే కొడుకు మాట ఆమె నోట్లో ఉంది.

"ఏం చెప్పల్ల నాయనా, మళ్లా ఇదే నొక్కింది. ఎనభై వేలు పాయె."

మార్కండేయ ఆమెవైపు తిరిగాడు. "ఏమ్మా అరుణా, ఒకసారి కాలితే బుద్ధి రాదా?"

విజయభాస్కర్ ఒక పోగును వేలితో సవరిస్తున్నాడు, అది తెగలేదు, ముడి పడలేదు. అవును బావా, నేనే, అంటే సరిపోతుంది. పది నిమిషాల తిట్లు, నాలుగు రోజుల మౌనం, తర్వాత మామూలే. ఇన్నేళ్లూ ఎన్నింటికి అనలేదు! గోడ గడియారం చూసింది. డబ్బు పోయి ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి. ఇంకా గంట కాలేదు. ఆ ఒక్క ఆలోచనే ఆమెలో స్పష్టంగా ఉంది, కోపం కంటే, అవమానం కంటే.

వంగి, మగ్గం పక్కన పడి ఉన్న ఫోన్ తీసుకుని 1930 నొక్కింది. స్పీకరు వేసింది. ఎవరూ ఆపలేదు. ఆమె అలా చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

"ఖాతా ఎవరిదమ్మా?" అవతల ఒక అమ్మాయి గొంతు.

"నాది. అరుణజ్యోతి."

"పిన్ మీరే ఎంటర్ చేశారా?"

అరుణజ్యోతి మగ్గం గుంతవైపు చూసింది.

"లేదమ్మా. మా ఇంటాయన కొట్టినాడు. రెండుసార్లు. నేను వద్దన్నా వినలేదు."

హనుమంతమ్మ "మ్మే!" అన్నది. ఆ అమ్మాయి టైము అడిగింది, ట్రాన్సాక్షన్ నంబర్లు అడిగింది. అరుణజ్యోతి స్క్రీన్ చూసి ఒక్కొక్క అంకె చదివింది. మార్కండేయ తమ్ముడివైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండోసారి పోయిన నలభై వేలు దారిలో ఆగాయి, కోర్టు కాగితం మీద తిరిగి వస్తాయన్నారు. మొదటి నలభై వేలు అప్పటికే ఎవడో తీసేసుకున్నాడు. విజయభాస్కర్ ఆ రాత్రి తినలేదు. "నలుగురిలో నా మానం తీసినావు" అన్నాడు. ఆమె పళ్లెం మీద మూత పెట్టి పడుకుంది.

మర్నాడు బ్యాంకుకు ఇద్దరూ వెళ్లాల్సి వచ్చింది. గుమస్తా పాత ఫోన్ నంబరు లింకు తీసేసి, కాగితం ముందుకు జరిపాడు.

"ఖాతాకు ఏ నంబరు పెట్టమంటారు?"

విజయభాస్కర్ ముందుకు వంగి తన నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిది, నాలుగు, నాలుగు...

"వద్దు సార్" అన్నది అరుణజ్యోతి. "అది రాయొద్దండి."

గుమస్తా పెన్ను ఆపాడు. "మరి మీ నంబరు చెప్పండమ్మా."

"నాకింకా లేదు సార్. రేపు తెస్తా. అంతదాకా ఆ గడి ఖాళీగానే ఉండనీండి."