నలభై రెండు గుర్తులు

మూడు రోజులుగా కంప్యూటర్‌ని తిడుతూనే ఉన్నాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

మా ఆఫీసులో ఉపగ్రహం తీసిన చిత్రాలతో పటాలు తయారుచేస్తాం. ఎక్కడ చెట్లు, ఎక్కడ నీళ్లు, ఎక్కడ చిత్తడి నేల అన్నది కంప్యూటరే చూసి తేలుస్తుంది. ఊరి చివర తుంగ నిండిన చిత్తడి నేల ఒకటుంది. ఎంత వాన కురిసినా నీళ్లన్నీ అందులోకే ఇంకిపోతాయి. దాని పక్క వీధిలోనే మా అక్క ఇల్లు. అలాంటి నేలను ఈ మహాతల్లి ఖాళీ స్థలమని తేల్చింది. సాయంత్రం పటం పురపాలక సంఘానికి వెళ్తుంది. ఖాళీ అని ఉన్నచోట మట్టి పోసి లారీల షెడ్డు కడతారు. ఆ తర్వాత వాన నీళ్లు తిన్నగా అక్క వంటింట్లోకే వస్తాయి.

సాఫ్ట్‌వేర్ మార్చాను. కొత్త చిత్రాలు తెప్పించాను. ఏం చేసినా అదే జవాబు. పైగా రోడ్డు పక్క ఎండిన మట్టిని చిత్తడి నేల అంటోంది. ఒళ్లు మండిపోయింది. ఆఫీసరు గారితో మొత్తుకుంటే, ముందు టీ తాగి రమ్మన్నారు.

మధ్యాహ్నం ఇక దిక్కుతోచక, దానికి పాఠం నేర్పిన గుర్తులు బయటికి తీశాను. కంప్యూటర్‌కి దానంతట దానికి ఏమీ తెలియదు. మనిషి ఆ చోటికి వెళ్లి నిలబడి, చిత్తడి నేల ఇదీ అని జీపీఎస్‌లో గుర్తు పెట్టుకు రావాలి. అలాంటివి నలభై రెండు. చిత్రం మీద పరిచి చూస్తే నలభై రెండూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరుసలో, రోడ్డు మీదే ఉన్నాయి. జీపు దిగకుండా పెట్టారన్నమాట. పెట్టినవారి పేరు లేదు. ఆ మహానుభావులెవరో తేల్చుకుందామని జీపు నడిపే బాబాయిని పిలిచాను.

బాబాయి తెర వంక చూసి నసిగాడు.

"ఎవరో చెప్పు బాబాయ్. వాళ్ల సంగతి చూస్తాను."

"నువ్వేనమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో. జలగలున్నాయని దిగనన్నావు. నేను నెమ్మదిగా నడుపుతుంటే కిటికీలోంచే జీపీఎస్ నొక్కుకుంటూ వచ్చావు."

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆరేళ్లయింది. జలగలు గుర్తొచ్చాయి, ఆరోజు వేసుకున్న కొత్త చెప్పులు కూడా. నేను రోడ్డు చూపించి చిత్తడి అంటే, పాపం కంప్యూటర్ నమ్మింది.

ఆఫీసరు గారు విని కంగారుపడలేదు. నా ప్రమోషన్ ఫైలు తన బల్ల మీదే ఉందని, ఎందుకొచ్చిన గొడవ, యంత్రం తప్పని రాసేయమని అన్నారు. అలా రాస్తే దిద్దడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను.

"యంత్రం తప్పయితే కమిటీ వేయాలి. ఆర్నెల్లు పడుతుంది. మనిషి తప్పని ఒప్పుకుంటే పటం ఇప్పుడే ఆపొచ్చు."

ఆర్నెల్లలోపే వానలొస్తాయి. లారీలు అంతకన్నా ముందే వస్తాయి. నా కోపం అలాగే ఉంది, చూపించడానికే ఎవరూ మిగల్లేదు. కాగితం మీద నా పేరు రాసి, కారణం అన్నచోట "జీపు దిగలేదు" అని రాశాను. ఆయన అది రెండుసార్లు చదివి, పటం ఆపమని ఫోన్ చేశారు. తర్వాత నా ప్రమోషన్ ఫైలు తీసి సొరుగులో పడేశారు.

మర్నాడు పొద్దున్నే బాబాయి జీపు రోడ్డు పక్కన ఆపాడు. చెప్పులు విప్పి సీటు కింద పెట్టి దిగాను. బురద మోకాళ్ల దాకా వచ్చింది. మొదటి గుర్తు పెట్టేలోపే పిక్కకు జలగ పట్టింది. ఇంకా నలభై ఒకటి ఉన్నాయి.