అర ఊపిరి

మా దీవిలో ఎనిమిదేళ్ళ పిల్ల మొదలు ఎనభై రెండేళ్ళ టోర్క్విల్ దాకా అందరూ నాట్యంలో ఒకే తప్పు చేస్తారు. ఆ తప్పు నా భర్త ఫార్క్వర్‌ది.

మా ఓర్మసే దీవి ఆటల పండగకి ముప్ఫై నాలుగేళ్ళు తిత్తి పైపులు వాయించింది అతనే. పెళ్ళయిన రెండో ఏడు, పడవ మీద తాడు లాగే చక్రంలో కుడిచేతి ఉంగరం వేలు నలిగింది. వేలు మిగిలింది గాని చురుకు పోయింది. రీల్ అనే మా గుంపు నాట్యం పాటలో మూడో భాగం చివర పై స్వరం మీంచి ఒక్కసారిగా కిందికి దిగాలి. అక్కడ ఆ వేలు రంధ్రం మీదికి రావడానికి అర ఊపిరి ఆలస్యమయ్యేది. పైపుల్లో శబ్దాన్ని మధ్యలో ఆపడం కుదరదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ ఏదో ఒక స్వరం మోగుతూనే ఉంటుంది. అందుకని వేలు వచ్చేదాకా ఆ పై స్వరాన్నే పట్టుకుని ఉండేవాడు. ఆడేవాళ్ళు కూడా చేతులెత్తి, కాలివేళ్ళ మీద లేచి, అలాగే ఉండిపోయేవాళ్ళు. అతను దిగాక దిగేవాళ్ళు.

పోటీల్లో మా దీవి పిల్లలకి ఏటా అక్కడే మార్కులు పోయేవి. బడిలో తప్పులు దిద్దే మనిషిని, ఇంట్లో మాత్రం ఊరుకుంటానా?

"మళ్ళీ అర ఊపిరి ఎక్కువైంది" అనేదాన్ని.

"కొండెక్కినవాడు దిగేముందు ఒక్క క్షణం నిలబడి చూడడా, ఇష్బెల్? లెక్కల టీచరువి, నీకెక్కడ అర్థమవుతుందిలే" అనేవాడు.

ఫిబ్రవరిలో పోయాడు. జులై పండగకి కమిటీవాళ్ళు అవతలి ఒడ్డు నుంచి రోనా అనే అమ్మాయిని పిలిపించారు. ఇరవై మూడేళ్ళు. పతకాలు పెట్టుకోవడానికి గోడ చాలదని విన్నాను. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. పండగ రోజు పొద్దున్నే పక్కింటి డోలినా తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ గుడ్డలో కట్టి ఉడికించిన పుడ్డింగు పళ్ళెంలో ఉంది, పసిబిడ్డంత బరువు.

"పట్టుకోవే ఆ పక్క. ఒక్కదాన్నీ మొయ్యలేను."

"నేను రానన్నాను కదా, డోలినా."

"రావద్దు. పుడ్డింగుని అక్కడ దించి వచ్చెయ్. ఏడవాలంటే దారిలో ఏడువు, చేతులు మాత్రం వదలకు."

మైదానం దగ్గర గేటు కాస్తున్న టోర్క్విల్ మమ్మల్ని చూసి టోపీ తీశాడు. "రాయి విసిరే పోటీకి రాయి వచ్చేసిందర్రా!" అని కేకేశాడు.

"నీ పళ్ళు ఊడితే నాకు సంబంధం లేదు, ముసలాడా" అంది డోలినా.

"ఊడటానికి ఉంటే కదా!"

పుడ్డింగుని టీ డేరాలో దించాను. తిరిగి వెళ్ళిపోదామనుకుంటుండగానే చెక్కవేదిక మీద పైపులు మొదలయ్యాయి. రోనా మా బడి పిల్లలు నలుగురితో ఒకసారి సాధన చేయిస్తోంది. శుభ్రమైన వాయిద్యం. ప్రతి స్వరం ఉతికి ఆరేసినట్టుంది. మూడో భాగం చివరికి వచ్చేసరికి ఆమె కిందికి దిగింది, పిల్లలు పైనే ఉండిపోయారు. తర్వాత ఒకరి మీద ఒకరు పడ్డారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ పడ్డారు. పొరుగు దీవి పిల్లలు కిసుక్కుమని నవ్వారు.

రోనా వేదిక దిగి నా దగ్గరికి వచ్చింది. "టీచరుగారు మీరే కదండీ? పిల్లలు బాగా ఆడుతున్నారు. ఆ ఒక్కచోటే ఎందుకో ఆగుతున్నారు. అలా ఎవరు నేర్పారో ఏమో."

నేనే నేర్పాను. అతను పోయాక వసంతమంతా బడి హాల్లో స్కేలుతో బల్ల మీద తాళం కొట్టి నేర్పాను. ఆ అర ఊపిరి కూడా కలిపే కొడుతున్నానని ఆ క్షణం దాకా నాకే తెలియదు.

"పోటీకి ఎంతసేపుంది?" అని అడిగాను.

"రెండు గంటలండీ."

నలుగురినీ గొర్రెల దొడ్డి వెనక్కి తీసుకుపోయాను. తప్పని తెలిశాక దిద్దకుండా వదిలేస్తే నేను టీచర్ని కాను. చేత్తో తొడ మీద తాళం కొడుతూ చెప్పాను. "నాలుగు అనగానే కిందికి వచ్చెయ్యాలి. పైన ఉండకూడదు."

తొమ్మిదేళ్ళ యూనా చెయ్యెత్తింది. "టీచర్, మరి చుట్టూ ఎప్పుడు చూడాలి?"

"ఏం చూడాలి?"

"పైకి లేచినప్పుడు చుట్టూ చూడమని ఫార్క్వర్ తాత చెప్పాడుగా. సముద్రం కనిపిస్తుంది."

"ఇవాళ చూడొద్దు" అన్నాను.

అరగంటలో నేర్చుకున్నారు. చిన్నపిల్లల కాళ్ళు త్వరగా మరిచిపోతాయి. పోటీలో వేదిక మీద నలుగురూ సరిగ్గా నాలుగో దెబ్బకి దిగారు. కప్పు మా దీవికి వచ్చింది. ఫార్క్వర్ పైపులు పట్టుకున్నాక ఇదే మొదటిసారి. కేకలకి గొర్రెలు బెదిరి గట్టెక్కాయి.

"ఫార్క్వర్ బతికుంటే..." అని టోర్క్విల్ అనబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

"బతికుంటే కప్పు వచ్చేదే కాదు" అంది డోలినా.

ముందు నవ్వింది నేనే. ఆపుకోలేక పుడ్డింగు బల్ల పట్టుకుని నవ్వాను. ఫిబ్రవరి తర్వాత అదే మొదలు. కాని నవ్వు తగ్గాక చేతులు ఖాళీగా అనిపించాయి. ముప్ఫై నాలుగేళ్ళు నేను దిద్దాలనుకున్నది అరగంటలో దిద్దేశాను. అతనిది ఈ దీవిలో మిగిలింది అదొక్కటేనేమో.

సాయంత్రం ఆరింటికి, జులై పొద్దు ఇంకా ఎత్తులోనే ఉండగా, చివరి రీల్‌కి ఊరంతా గడ్డి మీదికి దిగింది. నూరు మంది పైనే ఉంటారు. పోటీలో దుంగ ఎత్తిన మొనగాళ్ళు, టీ పోసిన ఆడవాళ్ళు, మూతికి ఉప్పుచేప వాసనతో పడవలవాళ్ళు. నేను డేరా తాడు పక్కన నిలబడ్డాను. రోనా మొదలుపెట్టింది. మొదటి భాగం, రెండోది, గడ్డి అదిరింది. మూడో భాగం చివర నూరు మందీ చేతులెత్తి కాలివేళ్ళ మీద నిలబడిపోయారు. పైపులు వాళ్ళని వదిలేసి ముందుకు పోయాయి. తర్వాత చూడాలి! భుజాలు గుద్దుకున్నాయి, టోపీలు రాలాయి, డోలినా వెళ్ళి పోస్ట్‌మాస్టరు ఒళ్ళో కూర్చుంది.

రోనా ఆపేసింది. ముఖం ఎర్రబడింది. "నేనేమైనా తప్పు వాయించానా?"

"సరిగ్గానే వాయించావు తల్లీ, అదే మా బాధ" అన్నాడు టోర్క్విల్ గడ్డి మీంచి లేవకుండానే.

"అక్కడ ఏం చెయ్యాలో చెప్పండి మరి. ఎవర్నడిగినా టీచరమ్మనడుగు, టీచరమ్మనడుగు అంటున్నారు!"

నూరు మందీ నావైపు చూశారు. అప్పటికి నవ్వులు తగ్గాయి. నేను ఏం చెబితే ఇకమీదట అదే. సరైనదే వాయించమంటే, వచ్చే ఏటికి పెద్దవాళ్ళ కాళ్ళు కూడా నేర్చుకుంటాయి. రోనా పైపుల తిత్తిని చంకలో పెట్టుకుని, పాఠం కోసం నిలబడ్డ పిల్లలాగే నిలబడింది.

వెళ్ళి ఆమె కుడిచేతి ఉంగరం వేలు పట్టుకున్నాను.

"ఈ వేలు ఆలస్యంగా రావాలి" అన్నాను.

"ఎంత ఆలస్యమండీ?"

అంకెల్లో చెప్పడం చేతకాలేదు. పైపులవాళ్ళు వాయించే ముందు నోటితో పాడుకునే అక్షరాలుంటాయి. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఫార్క్వర్ పాడుకునేవి అవే. నాకు పాడటం రాదు. అయినా పాడాను. చివర పై స్వరం దగ్గర గొంతు నిలబెట్టి, వేలు వచ్చేదాకా ఆగి, అప్పుడు దిగాను.

"ఇంకోసారి" అంది రోనా. ఇంకోసారి పాడాను. ఆమె తల ఊపింది. "ఇది కష్టమండీ. అందరూ పైన ఉండగా స్వరాన్ని నిలబెట్టాలంటే చాలా ఊపిరి కావాలి."

"అతనికి ఉండేది" అన్నాను.

టోర్క్విల్ గడ్డి దులుపుకుని నా ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "నాకు జోడీ లేదు టీచరమ్మా. ఈ మోకాళ్ళు వచ్చే ఏడు దాకా ఉంటాయని నేను మాటివ్వలేను."

"నేను ఆడనండీ."

"ఆడొద్దు. నేను పడకుండా పట్టుకో చాలు."

పట్టుకున్నాను. పైపులు లేచాయి. మొదటి భాగంలో నా బూట్లు నావి కానట్టున్నాయి. రెండో భాగంలో టోర్క్విల్ నన్ను గింగిరాలు తిప్పేశాడు, ముసలాడు పడటం మాట అబద్ధం. మూడో భాగం చివర నా చేతులు వాటంతటవే లేచాయి. రోనా స్వరాన్ని పట్టుకుంది. నూరు మందిమీ మునివేళ్ళ మీద ఉన్నాం. అప్పుడు చుట్టూ చూశాను. మైదానం గోడ అవతల సముద్రం, నిజంగానే, అంతా కనిపిస్తోంది.

పొద్దున నేను దిద్దిన నలుగురు పిల్లలు మాత్రం అప్పటికే కిందికి దిగిపోయి, మా మోచేతుల కింద తికమకగా చూస్తున్నారు.

"టీచర్! పొద్దున ఇది తప్పన్నారు కదా!" అని అరిచింది యూనా.

"తప్పే" అన్నాను. "చెయ్యెత్తు."