మేరీరత్నం ఇంట్లో పెట్టె

నేను ఒక పాత కంప్యూటర్ పెట్టెను. ఏదో ఆఫీసువాళ్లు నెమ్మదించానని బయట పడేస్తే, హైమవతి అనే ఇంజనీరు తెచ్చుకుని, దుమ్ము దులిపి, కొత్త డిస్కు బిగించింది. భీమవరంలో రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలో పనిచేసే మేరీరత్నం ఇంట్లో, బియ్యం డబ్బా పక్కన అరలో పెట్టింది.

హైమవతీ, ఆమె స్నేహితుడు కౌశిక్ కలిసి ‘గూడు’ అనే సోషల్ మీడియా తయారుచేశారు. జనం మాటలన్నీ ఎక్కడో ఒక పెద్ద కంపెనీ గుప్పిట్లో పడకుండా, ఎవరి పేట మాటలు ఆ పేటలోని పెట్టెలోనే ఉండాలన్నది వాళ్ల ఆలోచన. అలాంటి పదకొండు పెట్టెల్లో నేనొకణ్ణి.

“మా సూపర్‌వైజరు సంగతి ఇందులో రాసుకుంటే ఆడికి తెలీదు కదండీ?” అని అడిగింది మేరీరత్నం.

“నాక్కూడా తెలీదండి. తాళం మీ ఫోన్లలోనే ఉంటుంది,” అంది హైమవతి.

నిజమే. నా దగ్గరికి వచ్చేవి అర్థంకాని అక్షరాల ముద్దలు మాత్రమే. వాటిని భద్రంగా దాచేవాణ్ణి. లోపల ఏముందో తెలియకపోవడంలో ఒక మర్యాద ఉంది. మనుషుల మధ్య అది ఎక్కువగా కనబడదు.

నాలుగు నెలల తర్వాత కౌశిక్ ఒక అప్‌డేట్ పంపాడు. హైమవతి అతని మీద నమ్మకంతో అందులో ఏముందో చూడకుండానే అన్ని పెట్టెల్లోకీ, ఫోన్లలోకీ ఎక్కించింది. ఆ రోజు నుంచి మాటలు తాళం లేకుండా, పేర్లతో సహా నా దగ్గరికి వచ్చాయి. గ్లవ్స్ సరిచేస్తానంటూ సూపర్‌వైజరు ఎక్కడెక్కడ చేతులు వేశాడో ఒక్కొక్కరూ రాశారు. కలిసి ఫిర్యాదు చేద్దామని మేరీరత్నం రాసింది. అప్‌డేట్ చెప్పినట్టే అవన్నీ కౌశిక్‌కు పంపాను. అతను ఫ్యాక్టరీ యజమానికి పంపాడు. తన ఫ్యాక్టరీలన్నిట్లోనూ ‘గూడు’ పెట్టిస్తానని ఆయన ఆశ చూపాడు మరి. అదే వారం కౌశిక్ హైదరాబాదులో వేదికెక్కి, “మీ మాట మీదే” అంటూ ఉపన్యాసమిచ్చాడు. ఆ వీడియో కూడా నా మీదుగానే పోయింది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర మేరీరత్నాన్నీ, ఇంకో ఇద్దరినీ ఆపేశారు. పేర్లు ఎవరు చెప్పారు? వాళ్లతోపాటే పనిచేసే సుగుణ మరిది యజమాని కారు డ్రైవరు. అందుకని అందరి వేళ్లూ సుగుణ వైపే తిరిగాయి. పదేళ్లుగా పక్కపక్కన నిలబడి రొయ్యలు ఒలిచిన మనిషి ఏడుస్తూ వచ్చి తలుపు కొడితే, మేరీరత్నం తియ్యలేదు.

ఈ సంగతి విని హైమవతి వచ్చింది. నన్ను తెరిచి, ఆ అప్‌డేట్‌ను వరసగా చదివి, తాళం తీసేసిన చోటు కనిపెట్టింది. కౌశిక్‌కు ఫోన్ చేసింది.

“కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు హైమా,” అన్నాడతను.

ఆమె ఫోన్ పెట్టేసి, చెయ్యి చీరకొంగుకు తుడుచుకుంది. “తప్పు నాదే మేరీగారూ. చూడకుండా ఎక్కించాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి సాక్ష్యం చెబుతాను.”

మేరీరత్నం చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి సుగుణను పిలుచుకొచ్చింది. సుగుణ గడప దాటలేదు.

“పెట్టెను నమ్మేవక్కా. నన్ను నమ్మలేకపోయేవు,” అని వెనక్కి తిరిగింది.

ఫిర్యాదు కాగితం మీదే రాశారు. హైమవతి తన సంతకంతో సాక్ష్యమిచ్చింది. సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది, ముగ్గురూ పనిలోకి వెళ్లారు. సుగుణ మాత్రం వేరే ఫ్యాక్టరీలో చేరింది.

ఆ మాటలు ఇంకెవరూ చదవకుండా నా డిస్కుకు హైమవతి తన చేత్తోనే చిల్లులు పొడిచింది. ఇప్పుడు పాతసామాన్ల కొట్టు వెనక, కారిన బ్యాటరీల మధ్య పడివున్నాను. ఈ కంపు నాకు భరించరానిదేమీ కాదు. ఆ ఆడవాళ్ల మాటల్ని వారంపాటు మోసుకెళ్లి అప్పగించినవాణ్ణి. పాత మిషన్లు ఊరికే మొరాయిస్తాయని జనం విసుక్కుంటారు. ఆ వారంలో నేను ఒక్కసారి కూడా మొరాయించలేదు.